ఒక్‌సిమ్ అక్క గీకి నిలబెట్టిన బొమ్మ

మా జుమున్‌జిన్ రేవులో స్క్విడ్‌లు కోసే ఆడవాళ్ళ బల్ల ఒకటుంది. దాని కుడి చివరి చోటు చూ ఒక్‌సిమ్ అక్కది. ఎవరో ఇస్తే వచ్చిన చోటు కాదది. పడవ దిగిన పెట్టెలు మొదట ఆ చివరికే చేరతాయి కాబట్టి అక్కడ కూర్చున్న మనిషి అందరికంటే వేగంగా కోయాలి. అక్క కోసేది. కత్తి మొన పొట్టలో ఆనించి ఒక్క లాగు లాగితే స్క్విడ్ రెండుగా విచ్చుకునేది, లోపలి సిరాసంచి మాత్రం చిట్లేది కాదు. మా ఏప్రాన్లు సాయంత్రానికి నల్లగా అయిపోయేవి. ఆవిడది పొద్దున తొడుక్కున్నట్టే పసుప్పచ్చగా ఉండేది.

నోరు కూడా అంత పదునే. పక్కన కూర్చున్న పాపానికి నేను రోజూ తిట్లు తినేదాన్ని.

"మిహ్వా వాళ్ళమ్మా, కోస్తున్నావా, దువ్వుతున్నావా?" అనేది, మా అమ్మాయి పేరుతో నన్ను పిలుస్తూ.

ఎప్పుడైనా తన చెయ్యే తప్పి కోత వంకరపోతే ఆ స్క్విడ్‌ని పక్క బకెట్లో పడేసి మళ్ళీ దాని వంక చూసేది కాదు. ఉప్పు ఎక్కువైన కూరని సరిచేయకుండా పారబోసే రకం. అల్లిన స్వెట్టరులో ఒక్క వరస తప్పితే మొత్తం విప్పేసేది. తప్పు తన కంటికి కనపడుతూ ఉండటం ఆవిడకి సహించేది కాదు.

అలాంటి మనిషికి, అరవై దాటాక, చలికాలానికి కిమ్చీ ఊరగాయ పెట్టే రోజున పక్షవాతం వచ్చింది. మా పెరట్లోనే. ఉప్పులో నానిన క్యాబేజీలు కడుగుతూ నన్ను ఏదో తిట్టబోయింది, మాట నాలుక మీద ముద్దయిపోయింది. చేతిలో గిన్నె జారింది. మూతి ఒక పక్కకి ఒరగడం చూసి నేను కారం చేతులతోనే ఫోను తీసుకుని అంబులెన్సుకి చేశాను. గాంగ్నుంగ్ ఆస్పత్రిలో చాలా రోజులుంది. మాట వచ్చింది, నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం సగమే వచ్చింది. వేళ్ళు ముడుచుకునేవి, విప్పమంటే విప్పుకునేవి కావు. పైగా ఉండి ఉండి, ఎవరో లాగినట్టు చెయ్యి ఎగిరిపడేది.

వసంతంలో ఒకసారి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ చివరి చోటు మేం ఖాళీగానే ఉంచాం. కూర్చుంది, కత్తి తీసుకుంది. మొదటి స్క్విడ్ మీద ఆనించగానే చెయ్యి ఎగిరింది, కత్తి కిందపడి నేల మీద మోగింది. మేమెవ్వరమూ తలెత్తలేదు. ఆవిడ లేచి ఏప్రాన్ విప్పి మడత పెట్టింది.

"ఈ చోటు ఎవరికైనా ఇచ్చేయండి. ఖాళీగా ఉంచి నన్ను వెక్కిరించకండి," అని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఆవిడ భర్త తల్హో మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. వలలు బాగుచేసే మనిషి, మాటలు తక్కువ. టోపీ చేతిలో తిప్పుతూ మొదలుపెట్టాడు.

"మిహ్వా వాళ్ళమ్మా, ఆవిడ గోడకేసి తిరిగి పడుకుంటోంది. అన్నం తింటోంది గానీ మాట్లాడట్లేదు. రోజుల తరబడి ఒక్క తిట్టు లేదు. తిట్టకపోతే ఇంట్లో ఏ పని ఎప్పుడు చెయ్యాలో నాకు తెలియట్లేదు."

అప్పటికి పెద్దవాళ్ళ సంక్షేమ భవనంలో బొమ్మల క్లాసు మొదలైంది. చేతికి మంచిదని ఆస్పత్రివాళ్ళు కూడా చెప్పారట. నేను వెళ్ళి ఆవిడ చెప్పులు గుమ్మంలో పెట్టి, "నేను చేరుతున్నాను, ఒక్కదాన్నే వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది, తోడు రా," అని అబద్ధం చెప్పాను.

"నీకు సిగ్గా?" అని అక్క ఇటు తిరిగింది. చాలా రోజుల తర్వాత అదే మొదటి మాట.

క్లాసు చెప్పేది ప్యో టీచర్, వొంజు నుంచి వచ్చిన చిన్నమ్మాయి. ఒక్‌సిమ్ అక్కకి ముందు పెన్సిల్ ఇచ్చింది. అది వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. కుంచె ఇస్తే అదీ అంతే. చివరికి పిల్లల ఆయిల్ పాస్టెల్స్ పెట్టె తెచ్చింది. మా దగ్గర వాటిని క్రేపాస్ అంటారు. బడికెళ్ళిన ప్రతి పిల్లా వాటితో బట్టలు పాడుచేసుకుని తల్లిచేత దెబ్బలు తిన్నదే. నూనె, మైనం కలిపిన రంగు కడ్డీలు. లావుగా ఉంటాయి. టీచర్ ఒకదానికి కట్టుగుడ్డ చుట్టి ఇంకా లావు చేసి అక్క గుప్పిట్లో పెట్టింది. అది నిలిచింది.

ఆ రోజు ఒక్‌సిమ్ అక్క స్క్విడ్ బొమ్మ వేసింది. ఇంకేం వేస్తుంది? గోధుమ రంగు ఒళ్ళు, కాస్త గులాబీ రంగు రెక్కలు. అంత మొద్దు చేత్తో వేసినా అది స్క్విడ్‌లాగే ఉంది. కోసి కోసి లోపలా బయటా దాని తీరంతా ఆవిడకి తెలుసు. చివరగా నల్లరంగు తీసుకుని కన్ను పెట్టబోయింది. చెయ్యి ఎగిరింది. కంటి నుంచి కాగితం అంచుదాకా నల్లటి గీత.

ఆవిడ వెంటనే బొటనవేలితో రుద్దింది. నలుపు బెత్తెడు మేర పాకింది. ఉమ్మి తడి చేసి రుద్దితే ఇంకా పాకింది. స్క్విడ్ బూడిదరంగుకి తిరిగింది, కాగితం పొరలు లేచింది.

ఎదురు బల్ల దగ్గర హ్యాంగ్‌నిమ్ మెడ చాపి చూసింది. చేపల సహకార సంఘం మాజీ అధ్యక్షుడి భార్య. ఆవిడా ఒక్‌సిమ్ అక్కా ఒక ఈడువాళ్ళే, చిన్నప్పటి నుంచీ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోకుండా ఒక్క పండగా గడవలేదు.

"ఏమే, సిరాసంచి చిట్లిందా? నీ జన్మలో మొదటిసారి," అంది.

ఒక్‌సిమ్ అక్క కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. తర్వాతి వారం కూడా అంతే, ఆ పై వారం కూడా. ప్రతి బొమ్మా సగం దాకా బాగుండేది, ఎక్కడో చెయ్యి ఎగిరేది, బొమ్మ బుట్టలోకి పోయేది. ఒకరోజు ప్యో టీచర్ బుట్ట తీసుకెళ్ళి తలుపు బయట పెట్టేసింది.

"ఇవాళ బుట్ట లేదమ్మా. తప్పొస్తే కాగితం మీదే ఉంటుంది," అంది.

"ఉంటే చూస్తూ కూర్చోమంటారా టీచరమ్మా?"

"కాసేపు చూడండి. తప్పు గీత పడగానే మొదట చెయ్యాల్సిందేమిటంటే, ఏమీ చెయ్యకపోవడం. చెయ్యి తీసెయ్యాలి. వేలితో రుద్దితే రంగు కాగితం గరుకులోకి దిగిపోతుంది, ఇంక పైకి రాదు. అదే పైపైన ఉన్నప్పుడు ఇలా..."

టీచర్ ఒక పాత ప్లాస్టిక్ కార్డు తీసుకుని, ఏటవాలుగా ఆనించి, నల్ల గీత మీద మెల్లగా లాగింది. నలుపు సన్నటి చుట్టలా లేచింది. దాన్ని చేత్తో దులపకుండా నోటితో ఊదేసింది. మిగిలిన మరక మీద టేపు ముక్క అతికించి తీసింది. ఇంకొంచెం పోయింది. ఆ పైన తెల్ల కడ్డీ గట్టిగా పూసింది. ఒక్కో గీతకీ కడ్డీ కొనని గుడ్డకి తుడిచింది. తుడవకపోతే తెలుపు అడుగునున్న నలుపుని ఎత్తుకుని పక్కన పూస్తుందట. తర్వాత ఆ తెలుపు మీద అసలు రంగు. ఎక్కడ గీత పడిందో దగ్గరికెళ్ళి చూస్తే తప్ప తెలియలేదు.

ఒక్‌సిమ్ అక్క కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"అంటే స్క్విడ్ తోలు ఒలిచినట్టా? కింద మాంసం తెగకూడదు, పై పొరే రావాలి."

"అంతేనమ్మా. ఎక్కువ నొక్కితే కాగితం పీచులు లేస్తుంది. ఇంక దాని మీద ఏ రంగూ పట్టదు."

"ఆ కార్డు నాకెందుకు? నా కత్తి ఉంది," అంది అక్క.

కత్తి కుడి చేత్తో కాదు. కుడి చెయ్యి గీస్తుంది, తప్పు కూడా అదే చేస్తుంది. గీకడం ఎడమ చెయ్యి నేర్చుకోవాలి. పుట్టినప్పటి నుంచీ గిన్నె పట్టుకోవడం తప్ప ఇంకో పనెరగని చెయ్యి అది. ఇంట్లో సాధన మొదలుపెట్టింది. దానికి తప్పులు కావాలి కదా, చెయ్యి ఎగిరేదాకా కూర్చోలేక తల్హోని పిలిచింది. ఆ సాయంత్రం ముల్లంగి ముక్కల కిమ్చీ ఇద్దామని నేను వెళ్ళేసరికి ఇద్దరూ చిన్న బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. ఆయన నల్ల కడ్డీ పట్టుకుని బొమ్మ మీద అంగుళం గీత భయంభయంగా గీశాడు.

"ఇదేం తప్పు? ఈగ నడిచినట్టుంది. గట్టిగా గియ్యి."

"మంచి బొమ్మ కదా, పాడవుతుంది."

"పాడుచెయ్యడానికే కదయ్యా నిన్ను కూర్చోబెట్టింది. తప్పు చెయ్యడం కూడా రాదా నీకు?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఇంట్లో తిట్లు తిరిగొచ్చాయి. పిచ్చి ఆనందంతో కాగితానికి అడ్డంగా పెద్ద గీత లాగాడు. "హా, ఇదీ," అంటూ అక్క ఎడమ చేత్తో కత్తి అందుకుంది.

వేసవంతా ఆ పనే. మొదట్లో కాగితాలు చిరిగాయి. తర్వాత పీచులు లేవడం తగ్గింది. పసుపు మీద నలుపు పడితే మళ్ళీ పసుపే పూయకూడదని, పూస్తే పాచి రంగు వస్తుందని, గీకి తెలుపు వేశాకే పసుపు వేయాలని తనే కనిపెట్టింది. ముదురు రంగు పైకి ముదురు రంగు సులువని, ఎర్రటి దాన్ని ఏం చేసినా కొంత ఎరుపు మిగులుతుందని, అక్కడ ఎర్రగా ఉండాల్సిందేదో వేసుకోవడమే మేలని కూడా. చెయ్యి ఎగరడం తగ్గలేదు గానీ, ఎగిరిన ప్రతిసారీ మొహం మాడ్చుకోవడం తగ్గింది. "వచ్చాడయ్యా అల్లుడు," అని కత్తి తీసేది.

శరదృతువులో రేవు పండుగ. అందులో బొమ్మల పోటీ ఉంటుంది. రేవు ఒడ్డునే కూర్చుని అక్కడికక్కడే వేయాలి. చిన్నా పెద్దా తేడా లేదు, అయినా ఏటా బడిపిల్లలే నిండిపోతారు. మేం క్లాసులోవాళ్ళం కొందరం పేర్లిచ్చాం. నా బొమ్మ సంగతి వదిలేయండి, నేను నాచులో అన్నం చుట్టిన కింబాప్ పొట్లాలు మోయడానికి వెళ్ళాను.

కాగితం వాళ్ళే ఇస్తారు. వెనక ఎర్ర ముద్ర ఉంటుంది. ముద్రలేని కాగితం తీసుకోరు, ఒకళ్ళకి రెండో కాగితం ఇవ్వరు. ఇంట్లో ఎవరో వేసింది తెచ్చి ఇవ్వకుండా ఆ కట్టుబాటు.

ఒక్‌సిమ్ అక్క తిరగేసిన చేపల పెట్టె మీద కూర్చుని మా బల్లనే ఎంచుకుంది. పండుగ రోజైనా పడవలొచ్చాయి, మావాళ్ళు కోస్తూనే ఉన్నారు. మధ్యలో మల్‌రె బామ్మ, మా అందరిలోకీ పెద్దది. పళ్ళు లేవు, కత్తి మాత్రం ఆగదు. అక్క మొదట సముద్రం వేసింది. తర్వాత రేకుల కప్పు, పసుపు ఏప్రాన్లు, తెల్లటి స్క్విడ్ గుట్ట, వంగిన నడుములు. చూస్తుంటే నాకు నా నడుము నొప్పి పుట్టింది. ఒకే ఒక్క చిక్కు, ఆ రోజు ఎండ. శరదృతువులో అంత ఎండ మేం ఎరగం. కడ్డీలు వెన్నలా మెత్తబడ్డాయి, కాగితం మీద రంగు జిడ్డుగా మెరుస్తోంది.

మల్‌రె బామ్మ మొహం దాకా వచ్చింది. మొహం రంగు అద్భుతంగా కుదిరింది. కనుబొమ పెట్టడానికి నలుపు తీసుకుంది.

చెయ్యి ఎగిరింది. మామూలుగా ఎగిరినట్టు కాదు. కనుబొమ నుంచి చెంప మీదుగా, ఏప్రాన్ మీదుగా, స్క్విడ్ గుట్ట మీదుగా నల్ల గీత దిగిపోయింది. కడ్డీ విరిగింది, విరిగిన ముక్క మీద అరచెయ్యి పడింది. చెయ్యి ఎత్తేసరికి సముద్రం మధ్యలో నల్లటి అరచేతి అచ్చు.

పక్క చాప మీద హ్యాంగ్‌నిమ్ చూసింది. ఏదో ఒకటి అంటుందని నేను పళ్ళు బిగించాను. ఆవిడ వెక్కిరించలేదు. లేచొచ్చి నెమ్మదిగా అంది:

"అయ్యో ఒక్‌సిమా. పోనీలే. ఇంత దూరం వేశావు, అదే గొప్ప. ఎండగా ఉంది, ఇంటికెళ్ళి పడుకో."

వెక్కిరించి ఉంటే అక్క లేచి వెళ్ళిపోయేదేమో, నాకిప్పటికీ అదే అనుమానం. ఆ జాలి విని మాత్రం పెట్టె మీద మరింత గట్టిగా కూర్చుంది.

నేను పరుగున కాగితాలిచ్చే బల్ల దగ్గరికెళ్ళాను. అక్కడున్నాయన మంచివాడే, కానీ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున్నుంచీ పిల్లలు ఏడ్చినా ఇవ్వలేదండీ. ఇప్పుడు పెద్దావిడకిస్తే వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

తిరిగొచ్చేసరికి ఒక్‌సిమ్ అక్క కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుని ఉంది, పొరపాటున కూడా కాగితాన్ని తాకకుండా. ఎడమ చేత్తో కత్తి తీసి, కాగితం మూల కొంచెం గీకి చూసింది. రంగు చుట్టలా లేవలేదు. పేస్టులా సాగి కత్తికి అంటుకుంది.

"ఇవ్వనన్నాడక్కా. పోదాం పద," అన్నాను.

"ఎండకి మెత్తబడింది, అందుకే ఒలవట్లేదు," అంది, నా మాట వినకుండానే. "వెచ్చబడ్డ స్క్విడ్ తోలు ఊడుతుందా? చల్లబెట్టాలి. వెళ్ళి ఐసు తే."

"బొమ్మకి ఐసా?"

"నీకు కాదు కదా. వెళ్ళు."

మా బల్ల దగ్గర ఐసుకి కరువా? థర్మాకోల్ పెట్టె నిండా ఎత్తుకొచ్చాను, ఒక రేకు పళ్ళెం, ప్లాస్టిక్ కాగితం, పొడి తువ్వాలు కూడా. అక్క చెప్పినట్టే సర్దాను. ఐసు మీద పళ్ళెం, దాని మీద ప్లాస్టిక్, దాని మీద తువ్వాలు, అన్నిటి పైనా బొమ్మ. ఎండ తగలకుండా నేను గొడుగు పట్టుకున్నాను. పిల్లలు తమ బొమ్మలొదిలేసి చుట్టూ మూగారు.

"బామ్మా, బొమ్మకి జ్వరమా?" అని ఒక పిల్ల అడిగింది.

"అవును. దూరంగా ఉండు, అంటుకుంటుంది," అంది అక్క కళ్ళు బొమ్మ మీంచి తియ్యకుండా.

తువ్వాలు చెమ్మగిల్లుతుందేమోనని మాటిమాటికీ అంచు తడిమి చూసేది. నీళ్ళు తగిలితే కాగితం ఉబ్బుతుంది. కాసేపటికి రంగు మీది జిడ్డు మెరుపు చచ్చింది. అక్క గోరుతో మూల తట్టింది. అప్పుడు కత్తి పెట్టింది.

నలుపు లేచింది. సన్నటి పొట్టు, చుట్టలు చుట్టుకుంటూ. ఉఫ్‌మని ఊదింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఊదింది. ఆ ఎడమ చెయ్యి ఎంత తేలిగ్గా కదిలిందో చెప్పలేను. గుట్ట మీది గీత పోయింది. అడుగు మరక మీద తెలుపు పూసి, కడ్డీని ఒళ్ళోని గుడ్డకి తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ తుడిచింది. ఏప్రాన్ మీద కాగితం తెల్లగా తేలేదాకా గీకి, తెలుపేసి, దాని మీద కొత్త పసుపు వేసింది. పాచి రంగు రాలేదు. సముద్రంలోని అరచేతి అచ్చుని మొత్తం తీయలేదు. దాని మీద ముదురు నీలం రుద్ది, కత్తి మొనతో సన్నటి గీతలు గీకింది. అడుగున ముందు వేసిన లేతనీలం ఆ గీతల్లో బయటపడి, పడవ వెళ్ళిన తర్వాత కదిలే నీళ్ళలా అయింది.

మొహం చివరికి ఉంచింది. అది కష్టం. గట్టిగా గీకితే మొహమే పోతుంది. బుగ్గ మీది నలుపుని కొంచెం కొంచెంగా తీస్తూ వచ్చింది. పైపొర పోయింది. కాగితం గరుకుల్లో వెంట్రుకల్లాంటి నల్ల చారలు మిగిలాయి. వాటి కోసం తెల్ల కడ్డీ తీసుకుంది, చేతిలో పట్టుకుని బల్ల వైపు చూసింది. మల్‌రె బామ్మ తలెత్తి నుదుటి చెమట తుడుచుకుంటోంది. అక్క తెల్ల కడ్డీ పెట్టెలో పెట్టేసింది.

"ఉండనీ. ఆవిడ మొహం ఇదే," అంది.

చారల మీదుగా కాస్త నారింజ రంగు మాత్రం వేలికొనతో అద్దింది. ఏళ్ళ తరబడి ఎండా ఉప్పుగాలీ తిన్న చెంప వచ్చింది. గీత పడకముందు ఉన్న మొహం చక్కగా ఉంది, కాదనను. ఇప్పుడున్నది మల్‌రె బామ్మ. కనుబొమ మిగిలింది. కుడి చేతిని తొడ కింద నుంచి లాగి, నల్ల ముక్క అందులో పెట్టి, ఎడమ చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని పెట్టింది. ఈసారి ఎగరలేదు.

మైకులో ఆఖరి పిలుపు వస్తుండగా బొమ్మ ఇచ్చాం.

బొమ్మలన్నీ వలతాళ్ళకి క్లిప్పులతో వేలాడదీశారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్ళలో గాంగ్నుంగ్ నుంచి వచ్చిన చిత్రకారిణి మా బొమ్మ దగ్గర ఆగింది, దాటి వెళ్ళింది, తిరిగొచ్చింది. చెంప దగ్గర ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఇది వేసిందెవరండీ?"

"నేనే," అంది అక్క.

"ఇక్కడ ఏం జరిగింది?"

"నా చెయ్యి జారింది."

"తర్వాత?"

"తర్వాత నేను జారలేదు."

ఆవిడ నవ్వలేదు. వంగి నమస్కరించి ముందుకెళ్ళింది.

బహుమతులు కింది నుంచి పిలిచారు. హ్యాంగ్‌నిమ్‌కి ప్రోత్సాహక బహుమతి వచ్చింది, ఎండు సముద్రపు నాచు పెట్టె. మూడోది ఒక హైస్కూలు కుర్రాడికి, రెండోది ఒక చిన్న పిల్లకి. మొదటి బహుమతికి మైకులో "చూ ఒక్‌సిమ్" అని వినపడగానే మా బల్ల మొత్తం లేచింది. రబ్బరు బూట్లతో, కత్తులతో. కత్తులు దించమని మైకులోనే చెప్పాల్సి వచ్చింది. మల్‌రె బామ్మకి చెవుడు, ఏం జరిగిందో తెలియక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. రేవులోనే వల బాగుచేస్తున్న తల్హో దాన్ని పక్కన పడేసి, టోపీ తీసి, ఏడుస్తూ నిలబడ్డాడు.

ఒక్‌సిమ్ అక్క వేదికెక్కింది. మైకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక చిన్న ఇబ్బందండీ. మొదటి బహుమతి ఏటా పిల్లలకే వస్తుందని మేం సైకిలు కొన్నాం. పెద్దావిడ కాబట్టి బదులుగా బియ్యం బస్తా, నాచు పెట్టె..."

"నేను గెలిచిందేంటి?" అంది అక్క.

"సైకిలండీ."

"అయితే సైకిలే ఇవ్వండి."

చేపల వేలం షెడ్డు ఆ వేళకి ఖాళీ. నేల కడిగి ఆరబెట్టారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నటి సిమెంటు. జన్మలో సైకిలెక్కని మనిషిని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. కుడి చెయ్యి హ్యాండిల్ మీద ముడుచుకుని బాగా పట్టింది. విప్పుకోదు కదా, వదిలేస్తుందన్న భయం లేదు. తల్హో సీటు వెనక పట్టుకున్నాడు. హ్యాంగ్‌నిమ్ తన నాచు పెట్టె నా చేతిలో పెట్టి చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"పడితే నవ్వుతాను, ముందే చెప్తున్నా," అంది.

"నవ్వుదువుగాని. ముందు తొయ్యి."

తోశారు. సైకిలు అటూ ఇటూ ఊగింది, సర్దుకుంది. తల్హో నాలుగడుగులు పరిగెత్తి ఆయాసంతో వదిలేశాడు. హ్యాంగ్‌నిమ్ ఎప్పుడో వదిలేసింది. ఒక్‌సిమ్ అక్క ఒక్కత్తే, నడుము నిటారుగా పెట్టుకుని, షెడ్డు పొడుగునా వెళ్ళిపోతోంది. పసుపు పెట్టెల వరసలు దాటింది, తూకం యంత్రాలు దాటింది. ఆపడం ఎలాగో ఎవరమూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. అవతలి చివర ఖాళీ పెట్టెల గుట్టని గుద్దుకుంది. పెట్టెలన్నీ దభదభా కూలాయి.

మేం పరిగెత్తుకెళ్ళేసరికి పెట్టెల మధ్య కూర్చుని, మోచెయ్యి తడుముకుంటూ, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. హ్యాంగ్‌నిమ్ కూడా అన్నమాట ప్రకారం నవ్వింది. లేపి నిలబెట్టాం. అక్క ఒళ్ళు దులుపుకుని, సైకిలు ముందుచక్రం వంక చూసి, మా వైపు తిరిగింది.

"దీన్ని వెనక్కి తిప్పండి," అంది.